అద్దె ఫ్లాట్‌లో మేకు కొట్టకుండా డిజైన్ వాల్ ఎలా? 56 బ్లాకులు పేర్చాలి

సూదీదారం, మియాపూర్, శనివారం ఉదయం

అందరికీ నమస్కారం. గుడ్డ ముక్కలు కలిపి కుట్టే క్విల్ట్ అనే దుప్పటి కోసం నాలుగు నెలలుగా కుడుతున్న లాగ్ క్యాబిన్ బ్లాకులు, అంటే పట్టీలు అతికిన చదరాలు, మొన్నటికి పూర్తయ్యాయి. మొత్తం 56. చుట్టూ కుట్టులోకి పోయే పావు అంగుళం కలుపుకుని ఒక్కోటి ఎనిమిదిన్నర అంగుళాలు, క్విల్ట్‌లో కలిశాక 8 అంగుళాలు వస్తుంది. అడ్డంగా 7, నిలువుగా 8 పేర్చాలని అనుకున్నాను. ముక్కలన్నీ ఇంట్లోవే. అమ్మ కట్టి కట్టి మెత్తబడిన మంగళగిరి చీరలు రెండు, నా పాత కాటన్ చుడీదార్లు, పాప ఫ్రాకులు, టైలర్ తిరిగిచ్చిన జాకెట్టు ముక్కలు.

చిక్కంతా పేర్చడం దగ్గర వచ్చింది. హాల్లో సోఫా జరిపి నేల మీద పరిచాను. ఫ్యాన్ వేస్తే బ్లాకులు లేచిపోతున్నాయి, ఆపితే ఐదు నిమిషాలు కూర్చోలేం. మోకాళ్ళ మీద పాకుతూ రెండు గంటలు పేర్చి, లేచి చూస్తే దగ్గరున్న వరుసలు పెద్దగా, అవతలి వరుసలు నొక్కుకుపోయినట్టు కనిపిస్తాయి. అసలు బాగుందో లేదో తేల్చుకునేలోపు స్కూలు బస్సు వచ్చేస్తుంది, మళ్ళీ అన్నీ ఎత్తేయాలి. ఇప్పటికి మూడుసార్లు ఇలా అయింది.

గోడకి ఫ్లానెల్ గుడ్డ బిగించి దాని మీద బ్లాకులు అంటించుకుంటారని, దాన్నే డిజైన్ వాల్ అంటారని విన్నాను. మాది అద్దె ఇల్లు, ఓనరు గారు మేకులు కొట్టొద్దన్నారు. ఏం చేస్తే బాగుంటుంది? గుండుసూదులు లేకుండా నిజంగా నిలబడతాయా?

గళ్ళచీర, సికింద్రాబాద్, శనివారం మధ్యాహ్నం

నిలబడతాయండీ. ఫ్లానెల్ మీద సన్నటి నూగు ఉంటుంది, కాటన్ పోగులు ఆ నూగుని పట్టుకుంటాయి. బ్లాకు పెట్టి అరచేత్తో ఒక్కసారి రాస్తే చాలు. ఇది కాటన్ సంగతి. సిల్కు, జార్జెట్, జరీ ఉన్న ముక్కలు జారతాయి, వాటికి పై అంచున ఒక గుండుసూది తప్పదు. 12 అంగుళాల పెద్ద బ్లాకులు కూడా బరువుకి కిందికి దిగుతాయి. మీవి చిన్నవే గానీ లాగ్ క్యాబిన్‌లో కుట్లు ఎక్కువ, వెనకంతా ఎత్తుపల్లాలు. బాగా ఇస్త్రీ చేసి పెట్టుకోండి.

కొనేటప్పుడు పన్నా తప్పకుండా అడగండి. కొన్ని 36 అంగుళాలు, కొన్ని 44. చిన్న పన్నా తెస్తే మధ్యలో అతుకు వేయాలి, ఆ అతుకు గీత బ్లాకుల వెనక నుంచి కంటికి తగులుతూ ఉంటుంది. చంటిపిల్లల కోసం బొమ్మలు వేసిన ఫ్లానెలే షాపుల్లో ముందు చూపిస్తారు. వద్దు. తెల్లటిది గానీ లేత బూడిద రంగుది గానీ తీసుకోండి. జనరల్ బజార్లో రెండు మూడు షాపులు తిరిగితే దొరుకుతుంది. వేలితో గీకి చూడండి, నూగు రెండు వైపులా ఉన్నది మంచిది. బిగించే ముందు ఒకసారి ఉతకాలి, ఫ్లానెల్ కుదించుకుపోతుంది.

బొంతలమ్మ, మల్కాజిగిరి, శనివారం సాయంత్రం

అమ్మాయీ, నేను మిషను తొక్కడం మొదలుపెట్టి 40 ఏళ్ళు దాటింది. మా అత్తగారు బొంతలు కుట్టేవారు. పాత నేత చీరలు, పంచెలు పొరలు పొరలుగా నేల మీద పరిచి, మూలలకు బరువులు పెట్టి, ఇద్దరు ముగ్గురు చుట్టూ కూర్చుని అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ వచ్చేవారు. ఏ ముక్క ఎక్కడ పడాలో కుడుతుంటేనే తేలిపోయేది. ఈ గోడ అవసరం ఎక్కడొచ్చిందో నాకు తెలియడం లేదు. తప్పుగా అనుకోకు, తెలుసుకుందామనే అడుగుతున్నా.

ముదురులేత, తార్నాక, శనివారం రాత్రి

అమ్మా, మీరు అడిగిన చోటే అసలు సంగతి ఉంది. బొంతలో ముక్క పెట్టడం, కుట్టడం ఒకే పని. కింద పొర సిద్ధంగా ఉంటుంది, దాని మీద పెట్టి అక్కడికక్కడే కుట్టేస్తాం. కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు సిద్దీ తెగ మహిళలు కుట్టే కవంది అనే బొంత కూడా అలాంటిదే. అంచున మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరతారు. ఆ పద్ధతికి గోడ అక్కర్లేదు.

బ్లాకుల క్విల్ట్‌లో ఆ రెండు పనులూ విడిపోయాయి. 56 బ్లాకులు ఎవరికి వారే తయారై కూర్చున్నాయి. పైగా లాగ్ క్యాబిన్ అంటే మధ్యలో ఒక చిన్న చదరం, దాని చుట్టూ పట్టీలు. రెండు పక్కల లేత రంగులు, మిగతా రెండు పక్కల ముదురు రంగులు. అంటే ప్రతి బ్లాకూ మూల నుంచి మూలకి సగం వెలుగు, సగం నీడ. ఒక్కోదాన్ని నాలుగు రకాలుగా తిప్పవచ్చు. అవే బ్లాకులు, తిప్పడం మారితే వేరే క్విల్ట్ అయిపోతుంది. వరుసలు కుట్టాక మనసు మారితే విప్పడం తప్ప దారి లేదు. అందుకే ముందు దూరం నుంచి చూడాలి. నేల మీద మన కంటికీ బ్లాకులకీ మధ్య ఐదడుగులు కూడా ఉండవు, పైగా ఏటవాలుగా చూస్తాం. గోడ మీదైతే హాలు అవతలి చివర నుంచి చూడొచ్చు.

సూదీదారం గారూ, ఒక మాట. మీరు అడ్డంగా 7 అంటున్నారు. మధ్య నుంచి వజ్రాల్లా ఒకదాని చుట్టూ ఒకటి విచ్చుకునే అమరిక మనసులో ఉంటే మాత్రం రెండు వైపులా సరి సంఖ్య కావాలి. 7 వరుసలకి నడిమి గీత బ్లాకుల మధ్య పడదు, ఒక బ్లాకు మీద పడుతుంది. గోడ మీద పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది.

సూదీదారం, మియాపూర్, ఆదివారం ఉదయం

అయ్యో, నేను అనుకున్నది సరిగ్గా ఆ వజ్రాల అమరికే! ఇన్నాళ్ళూ నేల మీద మధ్య కుదరక, బ్లాకుల కొలతలో తేడా ఉందేమోనని టెన్షన్ పడుతూ స్కేలుతో కొలుస్తూ కూర్చున్నాను. చాలా థ్యాంక్సండీ.

అయితే గోడ కావాల్సిందే. కొలత వేశాను. ఎనిమిదిన్నర చొప్పున 7 బ్లాకులకి 59న్నర అంగుళాలు, 8 బ్లాకులకి 68. అంత వెడల్పున్న ఖాళీ గోడ బెడ్‌రూమ్‌లో బీరువా పక్కన ఒక్కటే ఉంది.

ఎనిమిదో అంతస్తు, నల్లగండ్ల, ఆదివారం ఉదయం

మాది సొంత ఫ్లాటే, అయినా మేకు దిగదు. కొత్త అపార్ట్‌మెంట్లు చాలావాటిలో గోడలన్నీ కాంక్రీటుతో పోసినవి, హ్యామర్ డ్రిల్ ఉంటే తప్ప సూది మోపే సందు లేదు. నేను కిటికీ పైన ఉన్న కర్టెన్ రాడ్డే వాడుకున్నాను. ఫ్లానెల్ పై అంచు మడిచి రాడ్డు దూరేలా గొట్టంలా కుట్టాను, అడుగున కూడా అలాగే కుట్టి అందులో ఒక సన్న పైపు దూర్చాను. పని అయ్యాక పాత దుప్పటి ఒకటి బ్లాకుల మీద కప్పి, అన్నీ కలిపి చాపలా చుట్టి అటక మీద పెట్టేస్తాను. మళ్ళీ విప్పితే ఎక్కడివక్కడే ఉంటాయి.

లోటు కూడా చెప్తాను. వేలాడే గుడ్డ ఊగుతుంది. ఫ్యాన్‌కి కొంచెం, ఎండాకాలం కూలర్ పెడితే చాలా. పైగా కిటికీ ముందు కట్టడం వల్ల వెనక నుంచి వెలుతురు వచ్చి, పగలు రంగులు సరిగ్గా తెలియవు. నేను రాత్రి లైటు వేసుకునే చూస్తాను.

రంపంసుత్తి, కూకట్‌పల్లి, ఆదివారం మధ్యాహ్నం

అక్కా, మేకూ వద్దు, రాడ్డూ వద్దు. గోడకి ఆనించే బోర్డు చేసుకోండి. మా ఆవిడకి చేసిపెట్టాను, రెండేళ్ళుగా వాడుతోంది.

మామూలుగా దొరికే థర్మోకోల్ షీటు మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉంటుంది. ఒక అంగుళం మందం ఉన్నవి ఎనిమిది తీసుకోండి. నాలుగు షీట్లు అడ్డంగా ఒకదాని మీద ఒకటి పెడితే మీటరు వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు పలక అవుతుంది. అలాంటివి రెండు. కలిపితే రెండు మీటర్ల చదరం, అంటే దాదాపు 79 అంగుళాలు. మీ 68కి పైనా కిందా చోటు మిగులుతుంది. అతుకుల మీద వెడల్పు టేపు ముందూ వెనకా వేయండి.

థర్మోకోల్ ఒక్కటే అయితే మధ్యలో వంగి విరుగుతుంది. ప్రతి పలకకి వెనక, రెండు నిలువు అంచుల వెంబడి, అంగుళం రీపర్ చెక్క, అంటే సన్నటి చెక్క పట్టీ, పెట్టి ఫెవికాల్‌తో అంటించండి. తెల్ల ఫెవికాలే. రాత్రంతా పుస్తకాల బరువు పెట్టి ఆరనివ్వాలి, గాలి తగలదు కాబట్టి నెమ్మదిగా ఆరుతుంది. తర్వాత ఫ్లానెల్‌ని ముందు నుంచి లాగి వెనక్కి మడిచి, సోఫాలు చేసేవాళ్ళు వాడే టాకర్‌తో ఆ రీపర్‌కే పిన్నులు కొట్టండి. థర్మోకోల్‌లో పిన్ను నిలవదు, చెక్క పెట్టేది అందుకే. పైనా కిందా చెక్క ఉండదు కాబట్టి అక్కడ వెనక వైపు ఫెవికాల్ రాసి, టేపు వేస్తే చాలు. ముందు వైపు మాత్రం గమ్ చుక్క కూడా పడకూడదు, పడిన చోట నూగు గట్టిపడి బ్లాకు అంటదు.

గుడ్డని మొదట ఒక నిలువు అంచున మధ్యలో లాగి రెండు పిన్నులు, తర్వాత ఎదురు అంచున మధ్యలో రెండు, అక్కడి నుంచి మూలల వైపు వెళ్ళండి. ఒక మూల నుంచి మొదలుపెడితే అవతలి మూలకి వెళ్ళేసరికి ముడతలు పేరుకుంటాయి.

రెండు పలకలనీ కలిపే గుడ్డ కీలు ముందు వైపు వేయాలి, వెనక కాదు. ముందు వేస్తేనే పుస్తకంలా లోపలికి మూసుకుంటుంది. బ్లాకులతో సహా మూసి మంచం వెనక నిలబెట్టుకోవచ్చు. కొద్దిగా తెరిచిన పుస్తకంలా నిలబెడితే గోడ సాయం కూడా పెద్దగా అక్కర్లేదు. టైల్స్ మీద జారకుండా అడుగున పాత హవాయి చెప్పు ముక్కలు కోసి అంటించండి.

పత్తిగింజ, దిల్‌సుఖ్‌నగర్, ఆదివారం సాయంత్రం

తెల్ల ఫెవికాల్ అన్న మాట దయచేసి అందరూ గుర్తుపెట్టుకోండి. నేను చెప్పులకి వాడే రబ్బరు సొల్యూషన్ రాశాను, త్వరగా అంటుకుంటుందని. చూస్తుండగానే థర్మోకోల్ కరిగి లోపలికి గుంటలు పడింది, మంచు మీద వేడినీళ్ళు పోసినట్టు. ఘాటు వాసన వచ్చే గమ్ములు, స్ప్రే గమ్ములు చాలావాటిలో ఉండే ద్రావకం థర్మోకోల్‌ని తినేస్తుంది. అనుమానంగా ఉంటే విరిగిన ముక్క మీద ఒక చుక్క వేసి పది నిమిషాలు ఆగి చూడండి.

ఇంకొకటి. గోడకి అంటించే హుక్కులు వస్తాయి కదా, పీకితే మరక కూడా ఉండదని రాసి ఉంటుంది. మా పాత అద్దె ఇంట్లో డిస్టెంపర్ గోడకి నాలుగు వేశాను. తీసేటప్పుడు అరచేయంత సున్నం పెచ్చుతో సహా వచ్చింది. అడ్వాన్సులో కోత పడింది. ఆనించే బోర్డే నయం.

గళ్ళచీర, సికింద్రాబాద్, ఆదివారం రాత్రి

రంపంసుత్తి గారి కొలతకి 44 పన్నా సరిగ్గా సరిపోతుంది. అది దాదాపు 112 సెంటీమీటర్లు, పలక 100. ఉతికాక కాస్త తగ్గినా రెండు పక్కలా వెనక్కి మడవడానికి గుడ్డ ఉంటుంది. 36 పన్నా అయితే 91 సెంటీమీటర్లే, పలకని కూడా కప్పదు. పొడవు పలకకి రెండుంపావు మీటర్లు, రెండింటికీ నాలుగున్నర. నా మాట విని ఇంకో పావు ఎక్కువ కోయించండి, ఆ కీలు కోసం.

తంగేడు, ఉప్పల్, సోమవారం ఉదయం

ఇంత ఖర్చు, ఇంత శ్రమ అవసరమా అండీ? నేను ప్రతి బ్లాకుకీ ఫొటో తీసి ఫోన్‌లోనే పేరుస్తాను. తిప్పడం, మార్చడం వేలితో అయిపోతుంది. చోటు కూడా పట్టదు.

ముదురులేత, తార్నాక, సోమవారం మధ్యాహ్నం

తంగేడు గారూ, బ్లాకులన్నీ ఒకే రెండు మూడు రంగులైతే మీ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. వేర్వేరు చీరల ముక్కలైతే నాకు కుదరలేదు. ఒక బ్లాకు ఫొటో పగలు తీస్తాం, ఇంకోటి ట్యూబ్‌లైటు కింద. ఫోన్‌లో రెండూ ఒకే ఎరుపులా కనిపిస్తాయి, చేతిలోకి తీసుకుంటే ఒకటి కుంకుమ, ఇంకోటి ఇటుక. ఆరంగుళాల తెర మీద 56 బ్లాకులు చూస్తే ఒక్కోటి గోరంత ఉంటుంది.

కానీ ఫోన్‌కి వేరే పని ఉంది. గోడ మీద పేర్చాక మొత్తానికి ఒక ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. రంగు పోయి లేత, ముదురు మాత్రమే మిగులుతాయి. మనం ముదురు అనుకుని కుట్టిన ముక్క అసలు మధ్యస్తం అని అప్పుడు బయటపడుతుంది. ఎర్రటి ఎరుపు, పసుపు మనల్ని బాగా మోసం చేస్తాయి. తలుపుకి పెట్టే పీప్‌హోల్ విడిగా హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, దాన్లోంచి చూస్తే చిన్న గదిలో కూడా క్విల్ట్ దూరంగా, మొత్తం ఒకేసారి కనిపిస్తుంది. గది చిన్నదైతే ఇది చాలా ఉపయోగం.

బొంతలమ్మ, మల్కాజిగిరి, సోమవారం సాయంత్రం

చెప్పింది అర్థమైంది బాబూ, సంతోషం. ఒక జాగ్రత్త చెప్తా. థర్మోకోల్ నిప్పు అంటుకుంటే క్షణం ఆగదు. దేవుడి దీపానికి, ఇస్త్రీ బల్లకి దూరంగా పెట్టుకోండి. అమ్మాయీ, మీ బెడ్‌రూమ్‌లోకి సాయంత్రం ఎండ వస్తుందేమో కూడా చూసుకో. వారాల తరబడి ఎండ పడితే నేత చీర రంగు నిలవదు.

సూదీదారం, మియాపూర్, తర్వాతి ఆదివారం రాత్రి

గోడ తయారైంది! ఒక్కొక్కటిగా చెప్తాను.

మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ దగ్గర దిగి కోఠీ, అక్కడి నుంచి బేగంబజార్ వెళ్ళాను. థర్మోకోల్ అక్కడే దొరికింది, తిరిగి రావడం మాత్రం ఆటోలో. ఎనిమిది షీట్లు తాడుతో కట్టించినా గాలికి తెరచాపలా లాగుతున్నాయి. ఫ్లానెల్ బూడిద రంగుది జనరల్ బజార్లో మూడో షాపులో, 44 పన్నా. పలకలు చేయడానికి మా ఆయన, నేను శుక్ర, శనివారాలు కూర్చున్నాం. టాకర్ పక్కింటి వాళ్ళది.

కీలు మీద బ్లాకు పడకుండా ఎడమ పలక మీద 4 నిలువు వరుసలు, కుడి పలక మీద 3 పెట్టాను. అలా అయితే మూసినా ఏదీ మడత పడదు. ఫ్యాన్ మూడు మీద పెట్టి పరీక్షించాను. కాటన్ ఒక్కటీ కదల్లేదు. పచ్చ సిల్కు జాకెట్టు ముక్క ఉన్న రెండు బ్లాకులు మాత్రం పొద్దున లేచేసరికి నేల మీద ఉన్నాయి. వాటికి గుండుసూదులు గుచ్చాను.

ముందు వజ్రాల అమరికే పెట్టాను. ముదురులేత గారు చెప్పింది నిజం, నడుము ఒక పక్కకి జరిగిపోయింది. నేల మీద మూడుసార్లు పేర్చి చూసినా తెలియనిది గోడ మీద తలుపు దగ్గర నుంచే తెలిసిపోయింది. ఇంకో 8 కుట్టి 8 అడ్డం, 8 నిలువు చేద్దామా అనుకున్నాను గానీ అమ్మ చీర ముక్కలు అయిపోయాయి. అవి లేకుండా కుట్టాలనిపించలేదు. అందుకని ఒక బ్లాకు మామూలుగా, పక్కది తలకిందులుగా, చదరంగం గళ్ళలా మార్చి మార్చి పెట్టి చూశాను. లేత చారలు, ముదురు చారలు మూల నుంచి మూలకి ఏటవాలుగా పొడవుగా సాగాయి. 7 అయినా 8 అయినా దీనికి పట్టింపు లేదు.

బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీస్తే నాలుగో వరుసలో ఒక చోట ముదురు చార తెగినట్టు కనిపించింది. దగ్గరికి వెళ్ళి చూస్తే పాప నారింజ రంగు ఫ్రాకు. కుట్టేటప్పుడు అది ముదురే అనుకున్నాను. దాన్ని తీసుకెళ్ళి చార చివర, అంచు దగ్గర పెట్టాను, అక్కడ ఇబ్బంది లేదు.

మా అత్తగారు నిన్న ఊరి నుంచి వచ్చారు. క్విల్ట్ అంటే ఏంటో నేనింకా చెప్పనే లేదు. గది గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, "దుక్కి దున్నిన చేనులా ఉందమ్మా" అన్నారు.

ముదురులేత, తార్నాక, ఆదివారం రాత్రి

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆ అమరికకి అమెరికాలో క్విల్టర్లు పెట్టుకున్న పేరే స్ట్రెయిట్ ఫర్రో, తిన్నటి నాగటి చాలు అని అర్థం. నేను కావాలనే ముందు చెప్పలేదు, మీరు గోడ మీద చూసుకున్నాక చెబుదామని. ఆవిడ ఒక్క చూపులో పేరు పెట్టేశారు.

పత్తిగింజ, దిల్‌సుఖ్‌నగర్, ఆదివారం రాత్రి

చాలా సంతోషంగా ఉందండీ. కుట్టడానికి దించేటప్పుడు జాగ్రత్త. తలకిందుల బ్లాకులు ఉన్నాయి కాబట్టి మిషను దగ్గరికి వెళ్ళేలోపు తిరిగిపోయే ప్రమాదం ఎక్కువ. చిన్న కాగితం ముక్క మీద వరుస నంబరు, స్థానం నంబరు రాసి ప్రతి బ్లాకుకీ పై ఎడమ మూలనే గుచ్చండి. ఆ మూల ఎప్పుడూ పైన ఎడమ వైపే ఉండాలి, అంతే. ఒక్కసారి ఒక్క వరుసే దించండి. కుట్టాక ఆ వరుసని మళ్ళీ గోడ మీద దాని చోట్లోనే పెట్టి, తర్వాతది తీయండి.

బొంతలమ్మ, మల్కాజిగిరి, సోమవారం ఉదయం

పచ్చ సిల్కు ముక్కల వెనక పల్చటి కాటన్ గుడ్డ వేసి కుట్టు అమ్మాయీ, లేకపోతే పక్క కాటన్‌తో కలిసినప్పుడు లాగుతుంది. మీ అత్తగారిని కూడా కూర్చోబెట్టుకుని కుట్టించు. దుక్కి గుర్తుపట్టిన మనిషికి సూది కుట్టు వచ్చే ఉంటుంది.

సూదీదారం, మియాపూర్, మంగళవారం రాత్రి

వచ్చండీ! ఆ రెండు బ్లాకులకీ వెనక గుడ్డ ఆవిడే చేత్తో కుట్టారు. కాగితాలు గుచ్చి ఇవాళ్టికి మూడు అడ్డ వరుసలు కుట్టి మళ్ళీ గోడ మీద పెట్టాను. ఇంకా ఐదున్నాయి.